బెల్లంతో చేసిన దవడ పన్ను

ఆ రోజుల్లో పళ్ల గురించి నాకు తెలిసినంత ఇప్పుడు తెలియదు. ఇప్పుడు నాకు పట్టా ఉంది, నిజామాబాద్‌లో ఒక మేడ మీద చిన్న క్లినిక్ ఉంది, అందులో మీట నొక్కితే వెనక్కి వాలే కుర్చీ ఉంది. అయినా ఎవరైనా నోరు తెరిచి చూపిస్తే మొదట "చూద్దాం" అంటాను. ఆ రోజుల్లో అలా అనాల్సిన అవసరం ఉండేది కాదు. దంతవైద్యంలో సీటు వచ్చి, కాలేజీలో చేరడానికి ఇంకా కొద్ది వారాలు మిగిలి ఉన్న ఆ చలికాలంలో, ఎడపల్లిలో మా వాకిట్లో నిలబడి, పాలు పోయడానికి వచ్చిన మనిషికి కూడా ఏ పన్నుకు ఎన్ని వేర్లుంటాయో అడక్కుండానే చెప్పేదాన్ని. ఆయన పాలు కొలవడం ఆపి వినేవాడు. భక్తితో వినేవాడనే అప్పట్లో అనుకున్నాను (నేను దారికి అడ్డంగా నిలబడేదాన్నని తర్వాత తెలిసింది).

ఇదంతా బోధన్ గ్రంథాలయం చలవ. మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి మనిషిని నేనే. బాపు (మా నాన్న) చదివితే యూరియా సంచి మీది అక్షరాలు చదివేవాడు, అదీ సంచి కొని ఇంటికి తెచ్చుకున్నాక. ఇంటర్ చదివేటప్పుడు సాయంత్రం బస్సు ఆలస్యమైతే గ్రంథాలయంలో కూర్చోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు బస్సు సమయానికే వచ్చినా పుస్తకం అయ్యేదాకా దాన్ని నేనే పోనిచ్చే స్థితికి వచ్చాను. తేనెటీగల పెంపకం నుంచి వాస్తు దాకా చెయ్యి అందిన అరలో ఉన్నదల్లా చదివాను. లైబ్రరీ సార్ పేపర్లు చదివే ముసలాయనలతో "గీ పిల్ల సదవని పుస్తకం ఒక్కటి సూపెట్టుండ్రి" అని గొప్పగా చెప్పేవాడు. నేను వినలేదన్నట్టు తల వంచుకుని, వినపడేంత దూరంలోనే కూర్చునేదాన్ని. సీటు వచ్చిన సంగతి తెలిసిన మర్నాడు ఆయనే బీరువా అడుగునుంచి అట్ట ఊడిన లావాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి తీసి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టాడు. నిండా పళ్ల బొమ్మలే. "ఆడికి అందరు ఖాళీ తలకాయలతోని వస్తరు బిడ్డా. నువ్వు నింపుకొని పో" అన్నాడు.

నింపుకున్నాను. ఆ నింపుకోవడంలోనే ప్రమాదం జరిగింది. సగం పుస్తకంలో ఒకచోట, మొదటి ఏడాది విద్యార్థులు మైనపు దిమ్మలోంచి పన్ను చెక్కి చూపించాలని, పరీక్ష పెట్టేవారు వెనకనుంచి వచ్చి నిలబడి చేతి నిలకడ గమనిస్తారని ఉంది. ఆ పేజీ దగ్గర నా చదువు ఆగిపోయింది. ఎందుకంటే నా రహస్యం నాకొక్కదానికే తెలుసు. ఎవరైనా చూస్తుంటే నా చెయ్యి వణుకుతుంది. ఒంటరిగా ఉంటే కరెంటు పోయినా సూదిలోకి దారం ఎక్కించేదాన్ని. ఎవరైనా వచ్చి "ఏం జేస్తున్నవ్" అన్నారంటే చాలు, ఆ సూదికీ ఆ దారానికీ జన్మలో పరిచయం లేనట్టు అయిపోయేది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నా పరీక్షనాళిక టకటకా కొట్టుకుంటుంటే మేడం "చలి పెడుతున్నదా" అని ఫ్యాను ఆపించింది. పెళ్లి బంతిలో నాకు పప్పు గిన్నె ఇస్తే పెద్దమనుషులు విస్తరి కాకుండా ముందు పంచె కాపాడుకునేవారు. అలాంటి చెయ్యి రేపు మనుషుల నోట్లోకి పోవాలి, చేతిలో పదునైనది పట్టుకుని, వెనక ఒక ప్రొఫెసర్ నిలబడి చూస్తుండగా.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పే సందు కూడా లేదు, ఎందుకంటే బాపు అప్పటికే సీటు సంగతి రుద్రూర్ దాకా చెప్పేశాడు. ఊళ్లోవాళ్లు నన్ను "డాక్టరమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. ఒక్క అవ్వే (బాపు తల్లి, నోట్లో ఒక్క పన్ను లేదు) "మంది నోట్ల ఏలు వెట్టే సదువుకు గింత సంబురమేందిరా" అని బాపును కేకలేసేది. నేను ఎలాగైనా నా చేతికి ధైర్యం నేర్పాలనుకున్నాను. ఫోన్‌లో వీడియో చూడొచ్చు కదా అంటారు, చూశాను. అందులో చెక్కే చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. అది చూసి నాది ఇంకా వణికింది. మైనం కోసం కొవ్వొత్తులు తెచ్చి చెక్కితే అవి మధ్యలో పుటుక్కున విరిగాయి. అమ్మకు తెలియకుండా ఒంటి సబ్బుతో కోరపన్ను చేస్తే అది కొంచెం పర్వాలేదనిపించింది కానీ, పొద్దున అవ్వ స్నానానికి పోయి "గీ సబ్బుకు ఎలుక పండ్లు వడ్డయి, ఎవ్వరు వాడకుండ్రి" అని దాన్ని గోడవతలికి విసిరేసింది. నా మొదటి కళాఖండం పక్కింటివాళ్ల గేదె కాళ్ల కింద పడి ముగిసింది.

అప్పటికి మా చేనులో బెల్లం బట్టి నడుస్తోంది. ఏటా చెరుకు కొంత బెల్లానికి పెట్టుకోవడం మాకు అలవాటు. గానుగలోంచి రసం కడాయిలోకి, కింద చెరుకు పిప్పితోనే మంట, చేనంతా తియ్యటి పొగ. వండేది పాకం చాచా. ఆయన అసలు పేరు నాకు అప్పుడూ తెలియదు. బోధన్‌నుంచి ఏటా సీజనుకు వచ్చేవాడు, చెక్క గరిటెతో పాకం తీసి నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని "ఇంకా కొంచెం" అనో "దించుండ్రి" అనో అనేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తియ్యదనమే ఆయన కూలి పని. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి కాబట్టి సీటు వచ్చినప్పుడు బాపు తర్వాత ఎక్కువ మీసం తిప్పింది ఆయనే.

ఒకరోజు కడాయి అడుగున మిగిలిన పాకం గట్టిపడుతుంటే చూసి నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. బెల్లం. వెచ్చగా ఉన్నప్పుడు కత్తి దిగుతుంది, చల్లారితే నిలబడుతుంది, కావలసినంత దొరుకుతుంది. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ నేను పుస్తకం చదివిన మనిషిని. పంటి మీది ఎనామిల్ పొర శరీరం మొత్తంలో అన్నిటికన్నా గట్టిదని అందులో చదివాను, అలాంటప్పుడు మెత్తటి బెల్లంతో చేస్తే పన్నుకు అవమానం కదా.

"చాచా, ఇంకా గట్టి పాకం పట్టి ఇస్తవా" అని అడిగాను.

"ఇంక గట్టిగయితే బెల్లం గాదు బేటీ, రాయి అయితది. ఎవడు తింటడు?"

"తినేతందుకు గాదు. పన్ను చేస్త."

చాచా గరిటె ఆపాడు. "ఎవలకు?"

"ఎవలకు గాదు, ప్రాక్టీస్. బుక్కుల ఉన్నది, పన్ను గంత గట్టిగనే ఉంటదని."

బుక్కులో ఉందంటే చాచాకు ఎదురు లేదు. కాసింత పాకం వేరే గిన్నెలో తీసి, నేను ఆపమనేదాకా మరిగించి ఇచ్చాడు. దాన్ని నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, వెచ్చగా ఉండగానే దిమ్మలుగా కోసుకుని, ఒకదాన్ని పట్టుకుని మొదలుపెట్టాను. చాచా వచ్చి పక్కన గొంతుక్కూర్చుని "కానీ, చూస్త" అన్నాడు. అంతే, కత్తి జారి దిమ్మ రెండు ముక్కలైంది. "ఏమాయె?" అన్నాడు. "పాకం సరిగ్గ కాలే" అని ఆయన మీదికే తోసేసి, మిగతా దిమ్మలు తీసుకుని పిప్పి కుప్ప వెనక్కు పోయాను. అక్కడ నన్ను చూసేది చీమలే. ఆ మధ్యాహ్నమంతా అట్ట లేని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నిమ్మకాయంత పెద్ద దవడ పళ్లు రెండు చెక్కాను. నిజం చెప్పాలంటే బాగా వచ్చాయి. పైన గుబ్బలు, మధ్యలో గాడి, కింద వేర్లు. తేనెరంగులో మెరుస్తూ, ఏ దేవత నోట్లోంచో రాలినట్టు ఉన్నాయి.

వాటిని చెక్కపలక మీద పెట్టుకుని ఊరేగింపులా కడాయి దగ్గరికి తెచ్చాను. అవ్వ కూడా చేనుకు వచ్చి ఉంది. ఒకదాన్ని తీసి ఎండకెత్తి చూసి, ఏ వ్యాఖ్యానమూ లేకుండా బుగ్గన పెట్టుకుంది. "మంచిగున్నది" అంది, కాసేపయ్యాక, దవడ ఉబ్బించుకుని. చాచా రెండోదాన్ని చేతిలో తిప్పి "అరె వాహ్, అస్లీ పన్ను లెక్కనే ఉన్నది" అన్నాడు. నేను అక్కడ ఆగి ఉండాల్సింది. మెచ్చుకున్నాడు కదా అని ఇంకొంచెం విజ్ఞానం కూడా పంచుదామనుకున్నాను.

"చాచా, నువ్వు రోజంత పాకం నోట్లేస్కుంటవ్ గద. గట్ల తియ్యటిది తింటే పండ్లు పుచ్చుతయి. నీకు పుచ్చిపోయే ఉంటది. నోరు తెరు."

తెరిచాడు. ఫోన్ లైటు వేసి, పుస్తకంలోని బొమ్మ గుర్తు తెచ్చుకుని, ఎడమవైపు ఒక దవడ పన్ను చూపించి "ఇగో, ఇదే పుచ్చింది. ఉండది" అని తీర్పు చెప్పాను. గానుగ దగ్గరివాళ్లు నవ్వారు. చాచా మొహం మారిపోయింది. ఆయన గర్వమంతా ఆ పళ్లలోనే ఉంది. చెరుకు గడను ఈ కొసనుంచి ఆ కొసదాకా పళ్లతోనే ఒలిచి చూపించే మనిషి.

"నా పండ్లా? పుచ్చినయా? ఇన్నేండ్ల సంది పాకం తింటున్న, ఒక్కటి కదల్లే. నీ బుక్కు రాసినోడు బోధన్ చెరుకు తిన్నడా ఎన్నడన్న?"

"తినకపోతేంది, చదివిండు గద."

"అయితే సూడు" అని, ఎడమవైపు కాదు, కుడివైపు, తన దగ్గరున్న బలమైన వైపని ఆయన నమ్మిన వైపు నా బెల్లపు పన్ను పెట్టుకుని గట్టిగా కొరికాడు.

టక్కుమంది. గానుగ శబ్దంలో కూడా వినిపించింది. మేమంతా బెల్లం విరిగిందనుకున్నాం. చాచా నోట్లోంచి పన్ను తీసి చూశాడు, బెల్లానిది చెక్కు చెదరలేదు. తర్వాత అరచేతిలో ఇంకో చిన్న ముక్క ఉమ్మాడు. అది తేనెరంగులో లేదు.

మేమంతా ఆ ముక్క చుట్టూ మూగాం. అవ్వ మాత్రం బుగ్గన ఉన్నదాన్ని ఆ వైపునుంచి ఈ వైపుకు మార్చుకుని "నాకేం గాలె మరి" అంది.

తెల్లారేసరికి చాచా చెంప ఉబ్బింది. ఉబ్బిన చెంపతో పాకం రుచి తెలియదు, రుచి తెలియకపోతే కడాయి దించే వేళ తెలియదు. బట్టి ఆగింది. నరికిన చెరుకు చేను గట్టున ఎండుతోంది. ఇదంతా ఒక ఎత్తు, ఊరు ఒక ఎత్తు. "డాక్టరమ్మ సదువుకు వోకముందే పని షురూ జేసిందట" అని ఒకరు, "మా అత్తను తోల్కరానా, గామె నోరు జెర తగ్గాలె" అని ఇంకొకరు. నవ్వుతూనే అన్నారు, నవ్వుతూ అన్నమాటే ఎక్కువ దిగుతుంది. నాకు మాత్రం లెక్క తేలిపోయింది. చెయ్యి వణుకుతుంది, తెలివి తక్కువ, చేరకముందే ఒక మనిషి పన్ను విరిగింది. ఇంతకన్నా స్పష్టంగా విధి చెప్పాలంటే అచ్చు వేయించి పంపాలి.

సాయంత్రం బాపు అన్నం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పేశాను. "బాపూ, నేను సోమవారం పోను. ఆ కాలేజీల చేరను."

"ఎందుకు?"

"నాకు చెయ్యి వణుకుతది."

బాపు ముద్ద పళ్లెంలో పెట్టి "ఏది, సూపెట్టు" అన్నాడు. చాపాను. ఆయన చూస్తున్నాడు కాబట్టి అది వణికింది. బాపు కాసేపు చూశాడు. అబ్బే లేదు బిడ్డా అంటాడని నాలో ఎక్కడో ఆశ. "వణుకుతున్నది" అని ఒప్పుకుని మళ్లీ ముద్ద అందుకున్నాడు. ముద్ద అయ్యాక అన్నాడు, "సరే. చేరేది లేదంటే ఖాళీగనే ఉంటవ్ గద. పొద్దుగాల చాచాను నిజామాబాద్ దవాఖానకు తీస్కపో. చేరుడు సంగతి వచ్చినంక మాట్లాడుదం."

"నువ్వే తీస్కపోవచ్చు గద."

"నాతోనయితే బస్టాండ్లనుంచే మర్లి వస్తడు. గా సూదంటే గాయినకు ప్రాణం మీదికొస్తది. నిన్నెత్తుకొని తిప్పిండు, నీ ముంగట ఉరుకుతందుకు సిగ్గువడతడు."

మర్నాడు చాచా దవడకు రుమాలు కట్టుకుని, తల మీద ముడి వేసుకుని, అలిగిన పెళ్లికొడుకులా బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని నా వైపు తిరగలేదు. కోపమనుకున్నాను. జానకంపేట దాటాక రుమాలులోంచి చిన్నగా వినిపించింది. "బేటీ, పన్ను పీకితే కన్ను పోతదంటరు. బుక్కుల ఏమున్నది?" అట్లేమీ లేదన్నాను. "మొత్తం సదివినవా?" అన్నాడు. సగమే చదివానని చెప్పలేకపోయాను.

నిజామాబాద్‌లో దిగగానే చాచాకు చాయ్ మీద మనసుపోయింది. ఒకవైపు నోటితో చాయ్ తాగడం చాలా సమయం తీసుకునే పని. నాకూ తొందరేం లేదు. తర్వాత గానుగ బెల్టు పాతబడిందని ఆయనకు గుర్తొచ్చింది, కొత్తది ఒకసారి చూసి పోదామన్నాడు. చూద్దామన్నాను. కొట్లో బెల్టులన్నీ సాగదీసి, వాసన చూసి, ఏదీ కొనకుండా బయటికి వచ్చాం. చివరికి క్లినిక్ ఉన్న వీధిలోకి తిరిగాం. పళ్ల బొమ్మ ఉన్న బోర్డు దూరంనుంచే కనిపించింది. నేను ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల దుకాణం వైపు చూస్తూ నడిచాను. చాచా ఆకాశం చూస్తూ నడిచాడు. వీధి చివరి దాకా పోయాక ఆయనే అన్నాడు.

"దాటినట్టున్నం గద."

"అవ్ చాచా."

"చెప్పకపోతివి?"

"నువ్వు సూసినవనుకున్న."

"సూసిన" అన్నాడు చాచా, నిజాయితీగా.

ఇద్దరం నవ్వబోయాం. ఆయనకు నొప్పి వచ్చి "యా అల్లా" అని దవడ పట్టుకున్నాడు. ఇక లాభం లేదని వెనక్కు తిరిగాం.

లోపల డాక్టరమ్మ ఒక్కతే ఉంది. నాకన్నా కొన్నేళ్లే పెద్దది. సాయం చేసే అమ్మాయి ఏదో పెళ్లికి పోయిందట. కుర్చీ వెనక్కి వాలగానే చాచా గాల్లో తేలుతున్నట్టు రెండు చేతులూ చాపి, దొరికినదాన్ని పట్టుకున్నాడు. దొరికింది నా ఎడమ మణికట్టు. "ఈడనే ఉండు బేటీ."

"ఎట్ల విరిగింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"బెల్లం తిన్న."

"బెల్లానికి పన్ను విరుగుతుందా? ఎట్లాంటి బెల్లం?"

చాచా నా వైపు చూశాడు. పైన లైటు, కింద చాచా, మధ్యలో నేను. "నేను చేసిన పన్ను కొరికిండు మేడం" అన్నాను. ఇంక దాచడానికి ఏముంది, సీటు, పుస్తకం, ఎనామిల్, గట్టి పాకం అన్నీ చెప్పేశాను. ఆమె చేతిలోని అద్దం కింద పెట్టి, గోడవైపు తిరిగి, కొంతసేపు అలాగే నిలబడింది. ఆమె భుజాలు కదలడం నాకు కనిపించింది. ఇటు తిరిగి "ఉందా ఆ పన్ను?" అంది. కాగితంలో చుట్టి సంచిలో తెచ్చాను (ఎందుకు తెచ్చానని అడక్కండి, సాక్ష్యం అనుకున్నానేమో). దాన్ని లైటు కింద తిప్పి చూసి "పైభాగం బాగుంది. వేర్లే ముల్లంగుల్లా వచ్చాయి" అని తిరిగి ఇచ్చింది. తర్వాత చాచా నోట్లోకి చూసి, ఆ కుడివైపు పన్ను లోపల ఎప్పటినుంచో పుచ్చి ఉందని, పైపెంకు మాత్రమే నిలబడి ఉందని, ఈ బెల్లం కాకపోతే రేపు ఇంకో చెరుకు ముక్కకు విరిగేదని చెప్పింది. నేను పుచ్చిందని తీర్పు చెప్పిన ఎడమ పన్ను నిక్షేపంలా ఉంది. అంటే జబ్బు సరిగ్గానే చెప్పాను, వైపే తప్పింది.

పీకాలంది. చాచా కళ్లు మూసుకుని ఏదో చదువుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ సూది అందుకునే ముందు చాచా భుజం మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగింది, తర్వాత ఉమ్ము లాగే గొట్టం నాకిచ్చి "ఇదిగో, ఇక్కడ పెట్టి పట్టుకో. కదిలించకు" అంది. కాదనే వ్యవధి లేదు. పట్టుకున్నాను. చాచా వణుకు ఆయన చేతిలోంచి నా ఎడమ మణికట్టులోకి వస్తోంది, కుర్చీ కూడా సన్నగా చప్పుడు చేస్తోంది. నేను ఆయన మొహమే చూస్తున్నాను. రెండు కళ్లచివరలా తడి, ఇంత పెద్దమనిషికి. "అయిపోతది చాచా, జెరసేపు, అయిపోతది" అని ఎవరో అంటున్నారు. నేనే. నా గొంతు అంత నెమ్మదిగా ఉండగలదని నాకు తెలియదు. పన్ను వచ్చేసి పళ్లెంలో ఠంగున పడ్డాక, డాక్టరమ్మ దూది పెట్టి "కరిచి పట్టుకోండి" అన్నాక, అప్పుడు చూసుకున్నాను నా కుడిచేతిని. డాక్టరమ్మ చెప్పినచోటే, గొట్టం పెట్టినచోటే ఉంది. ఇంతసేపు దాన్ని ఎవరూ చూడలేదు. చాచాకు ఆయన పన్ను, డాక్టరమ్మకు ఆమె పట్టకారు. నా చేతి మీద ఎవరికీ ఆసక్తి లేదు, నాకు కూడా.

"కాలేజీలో చేరేదెప్పుడు?" చేతులు కడుక్కుంటూ అడిగింది.

"సోమవారం" అన్నాను.

అన్నాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. చాచా దూది నోటితో కుర్చీలోంచి లేచి, నా వైపు వేలు చూపించి "మ్మ్" అన్నాడు. విన్నాను సుమా అని అర్థం.

తిరుగు ప్రయాణంలో చాచా వేరే మనిషి. పన్నును కాగితంలో చుట్టించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మాట తేలికయ్యేకొద్దీ కథ బరువైంది. ఎడపల్లిలో దిగేసరికి ఆయన సూదే వద్దన్నాడు, డాక్టరమ్మే భయపడింది, "కానీయమ్మా, నేనున్న గద" అని ఆమెకు ఈయనే ధైర్యం చెప్పాడు. చావడి దగ్గర ఆగి మరీ చెప్పాడు. "మా బేటీ చెక్కిన పన్ను లేకుంటే లోపటి రోగం బయటపడకపోవు. గది పన్ను గాదు, పరీక్ష" అన్నాడు. నేను పక్కన నిలబడి ఒక్కమాట కూడా సరిదిద్దలేదు. చూస్తుండగానే నేను పన్ను విరగ్గొట్టిన పిల్లనుంచి రోగం కనిపెట్టిన డాక్టరునయ్యాను.

ఇంటికి రాగానే బాపు "ఇగ చెప్పు, చేరుడు సంగతి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే చాచా అందుకున్నాడు. "సోమవారం పోతున్నది పటేలా. గా డాక్టరమ్మకు మాటిచ్చింది, నేను ఇన్న."

"మరి చెయ్యి?" అన్నాడు బాపు. చాపాను. అందరూ చూశారు. యథాప్రకారం వణికింది.

"వణుకుతున్నది" అన్నాడు బాపు.

"వణకనీయ్‌రా" అంది మంచం మీదినుంచి అవ్వ, బుగ్గ ఉబ్బెత్తుగా పెట్టుకుని. "ఊడి కిందవడ్తదా ఏంది? పొమ్మను." చాచా పన్ను విరగ్గొట్టిన ఆ రెండో పన్నును కూడా ఆమె నా సంచిలోంచి తీసి, కడుక్కుని, మొదలుపెట్టిందని అప్పుడు గమనించాను. సోమవారం నేను పెట్టె పట్టుకుని బయల్దేరేటప్పటికి అది చింతగింజంత మిగిలింది. "పండ్లున్నోళ్లకు పనికిరాకపాయె గని, నాకైతే మంచిగ అక్కరకొచ్చింది. మల్లొచ్చినప్పుడు ఇంకోటి చేసి పో" అని, అదే ఆశీర్వాదంగా సాగనంపింది.

కాలేజీలో మైనపు పన్ను పరీక్ష రానే వచ్చింది. ప్రొఫెసర్ వెనకే నిలబడ్డాడు, నా చెయ్యి వణికింది, పక్కనున్న అమ్మాయిది ఇంకా ఎక్కువ వణికింది, ప్రొఫెసర్ కిటికీలోంచి తన స్కూటర్ మీదికి ఎండ వస్తోందా అని చూస్తున్నాడు. నా పన్నుకు వేర్లు ముల్లంగుల్లాగే వచ్చాయి. గట్టెక్కాను. అట్ట లేని పుస్తకాన్ని మొదటి సెలవుల్లో బోధన్ తీసుకెళ్లి ఇచ్చేస్తే లైబ్రరీ సార్ "మొత్తం చదివినవా" అన్నాడు. ఈసారి మొత్తం చదివాననే చెప్పాను, అదీ నిజమే.

ఇప్పటికీ రోజూ మొదటి రోగి కుర్చీలో వాలినప్పుడు నా చేతిలో ఆ పాత సన్నటి వణుకు ఒకటి పలకరించి పోతుంది. సూది అందుకునే ముందు రోగి భుజం మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగుతాను. డాక్టరమ్మకు ఎంత దయ అనుకుంటారు వాళ్లు. ఆసరా ఎవరికో వాళ్లకు తెలియదు, నేనూ చెప్పను. ఆరోజు నిజామాబాద్ డాక్టరమ్మ చాచా భుజం మీద చెయ్యి ఎందుకు వేసిందో అని ఈ మధ్యే అనుమానం వస్తోంది.

చాచా ఇప్పుడు బట్టి మానేశాడు కానీ, ఏటా కొత్త బెల్లం దిగగానే ఒక ముద్ద తీసుకుని, మిగిలిన పళ్లు చూపించుకోవడానికి బోధన్‌నుంచి వస్తాడు. ముద్ద మీద వేలు పెట్టి నొక్కి "మెత్తగనే ఉన్నది, భయపడకు" అంటాడు. కానీ తిన్నగా ఎప్పుడూ రాడు. నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాడు, ముద్ద సంచి చంకన పెట్టుకుని, ఆకాశం చూస్తూ, నా బోర్డు దాటి వీధి చివరి చాయ్ కొట్టు దాకా పోతాడు. మొదట్లో పైనుంచి పిలిచేదాన్ని. ఇప్పుడు పిలవను. చేతి తొడుగులు తీసేసి, మెట్లు దిగి, నేనూ ఆ బోర్డు దాటి పోయి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంటాను.

"దాటినట్టున్నవ్ గద చాచా" అంటాను.

"సూసిన" అంటాడు.

రెండు చాయ్‌లు చెబుతాం. తాగడానికి ఇద్దరికీ తొందరేం ఉండదు.